రెండు పట్టీల డిస్కు

ఆ పచ్చ పరదా వెనక అమరేందర్ నా డిస్కును ఏం చేస్తున్నాడో నాకు కనపడటం లేదు. కనపడకూడదనే కదా పరదా కట్టుకున్నాడు. లేకపోతే రిపేరు చేసేవాడికి పరదా ఎందుకు? గడియారాలు బాగుచేసే ముసలాయన రోడ్డు మీదే గాజు పెట్టె ముందు కూర్చుని ఒక కంటికి భూతద్దం తగిలించుకుని పని చేస్తాడు, చెప్పులు కుట్టే మారయ్య మన కళ్ల ముందే మేకు కొడతాడు, స్టవ్వులు బాగుచేసేవాడు మన గడపలోనే కూర్చుని పిన్ను పొడుస్తాడు, వాళ్లెవరికీ అక్కరలేని పరదా ఈ కంప్యూటరు పిలగానికి మాత్రం కావాల్సొచ్చింది. అడిగితే "దుమ్ము వడ్తది ఆపా, గందుకే" అన్నాడు. దుమ్మట! నల్లగొండ దుమ్ము పరదాను చూసి మర్యాదగా బయటే నిలబడుతుందా? ఎండాకాలం మధ్యాహ్నం, గడియారం సెంటరులో బస్సు ఒకటి మలుపు తిరిగిందంటే నా బురఖా మీద, ఈ బెంచీ మీద, గోడకున్న క్యాలెండరు మీద పొరలు పొరలుగా పడుతోంది, లోపలికి మాత్రం పోవద్దని దానికెవరు చెప్పారు? లేచి పరదా అంచు కొంచెం పక్కకు జరిపాను. అతను తలెత్తి చూశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాను. కూర్చున్నానే గానీ చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. స్క్రూలు ఏదో డబ్బాలో పడుతున్నాయి. తీసినవన్నీ తిరిగి పెడతాడా వీడు? పెట్టకపోతే పోయె, స్క్రూల గొడవ కాదు నాది. లోపలికి ఏ డిస్కు పోయిందో ఆ డిస్కే బయటకు రావాలి. అందుకే తెచ్చే ముందు దాని అడుగున, ఒక మూలకు, అబ్బాజాన్ నల్ల సిరాతో చిన్న చుక్క పెట్టి తెచ్చాను. ఆ సంగతి అమరేందర్‌కు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆ డిస్కులో మా నాన్న చెయ్యి ఉంది. చెయ్యంటే రాత. కాతిబ్ అంటే అందంగా రాసిపెట్టేవాడు, నూరుద్దీన్ కాతిబ్ అంటే ఒకప్పుడు ఈ జిల్లాలో తెలియని ముసల్మాన్ ఇల్లు లేదు, పెళ్లి కార్డు మీద ఉర్దూ అక్షరాలు ఆయన చేత్తో రాస్తేనే పెళ్లి, లేకపోతే ఏదో తతంగం, దేవరకొండ నుంచే కాదు, జిల్లా దాటి అచ్చంపేట నుంచి కూడా వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆయన తొందరపడేవాడు కాదు. రెల్లు కలం మొనను చాకుతో వాలుగా కోసుకుని, సిరాలో ముంచి, ముందు చుక్కలు పెట్టేవాడు, అలిఫ్ అనే అక్షరానికి ఇన్ని చుక్కల ఎత్తు, బేకు ఇన్ని చుక్కల పొడవు, చుక్కే ఆయన కొలబద్ద. నేను పెట్టే చుక్క ఎడమ పక్క ఎప్పుడూ కొంచెం జారుతుంది, దాని కోసం ఎన్ని తిట్లు తిన్నానో. కలం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే, హైదరాబాదు నుంచి వచ్చిన కాతిబ్ అయినా సరే, ఎదురుగానే చాకు తీసి మొన కోసి పారేసి, మొండి కలం చేతికిచ్చేవాడు. ఆ మనిషి తన చేతికి తగ్గట్టు కొత్త మొన కోసుకోవాలి. "వాని చెయ్యి నా మొన మీద నడిస్తే మొన నాదీ కాదు, వానిదీ కాదు" అనేవాడు. అందరూ దాన్ని పాత కాతిబుల పద్ధతి అనేవాళ్లు, నేను మాత్రం శుద్ధ అనుమానం అనుకునేదాన్ని. నాకా గుణం ఎక్కడి నుంచి వచ్చింది మరి? పాలవాడు పోసి వెళ్లాక గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని, తాళం వేశాక మూడు అడుగులు పోయి తిరిగొచ్చి లాగి చూసేదాన్ని, ఆయన కూతుర్ని కాక ఇంకెవర్ని!

ఆయన చెయ్యి వణకడం మొదలైంది. రాసిన అలిఫ్ గాలికి ఊగినట్టు వచ్చేది, చించేసేవాడు, మళ్లీ రాసేవాడు. అప్పుడే ఈ పాత కంప్యూటరును కొన్నాను, ముందరి గదిలో పెట్టాను, కార్డుల షాపు అక్కడే, లోపలి గదిలో ఆయన మంచం. మంచి రోజు చూసుకుని, అంటే చెయ్యి వణకని రోజు, ఆయన ఒక అక్షరం రాస్తే నేను దాన్ని తెర మీద మౌసుతో చుక్క చుక్కగా గీసేదాన్ని. ఉర్దూ అక్షరం మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒక రూపం, చివర ఒక రూపం, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లను బట్టి మెడ వంచుతుంది, ఒళ్లు సాగదీస్తుంది. ఆ రూపాలన్నీ గీయాలి. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని తెరకు మొహం ఆనించి, "అది నా జీమ్ కాదు, దాని కడుపు చూడు, గర్భిణి లెక్కుంది, చెరిపెయ్" అనేవాడు. చెరిపేసేదాన్ని. ఏడ్చేదాన్ని కూడా. కళ్లు పోయేలా రెండు చలికాలాలు గీశాం. చివరి అక్షరం యే పూర్తయ్యాక ఆయన తెరను చూసి సలాం పెట్టాడు, అది మా నాన్న ఇచ్చిన ఒకే ఒక్క మెచ్చుకోలు, అదీ నాకు కాదు, తెరకు. తర్వాత వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది. ఇక ఆయన రాయడు. రాసినవి ఎక్కడున్నాయంటే ఆ ఇటుకంత డిస్కులో, ఈ పరదా వెనక. ఇంకో నకలు లేదు. ఫ్లాపీల్లోకి ఎక్కించుకో అని ఎంతమంది చెప్పారు, నేనే ఎక్కించలేదు. ఫ్లాపీ చొక్కా జేబులో పడుతుంది, మా నాన్న చెయ్యిని ఎవడో జేబులో వేసుకుని బస్సెక్కి పోతే నేను ఎవర్ని పట్టుకోవాలి?

మొన్న కరెంటు ఎక్కువై మెషీను కాలిపోయింది. పొగ, వాసన, అంతే. డిస్కు బాగానే ఉంటుంది, కాలింది కరెంటు డబ్బా ఒక్కటే అన్నాడు అమరేందర్, ఇంటికి రాకుండానే, చూడకుండానే, మాట విని. చూడకుండా ఎలా చెప్తాడండీ? పొద్దున మెషీనును బొంతలో చుట్టి రిక్షాలో తెచ్చి ఇస్తే, అందులోంచి నా డిస్కును విప్పి అరచేతిలో తూచి నవ్వాడు, పళ్ల మీద గోధుమ చారలు, మా జిల్లా నీళ్లు తాగిన సగం మందికి ఉండేవే అయినా ఆ నవ్వు నాకు నచ్చలేదు. "గీ కాలంల రెండు పట్టీలు ఎవలు వాడుతుండ్రు ఆపా" అన్నాడు. అతను చెప్పిందాన్ని బట్టి, పాత డిస్కులకు రెండు పట్టీలు ఉంటాయి, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది, బూడిద రంగు రిబ్బన్లలా, రెండూ పోయి మెషీను లోపల నిలువుగా గుచ్చిన ఒక పచ్చ కార్డులో దిగుతాయి. కొత్త డిస్కులకు ఒక్కటే పట్టీ, ఆ కార్డు చేసే పని చాలావరకు డిస్కు కడుపుకే అతికించి ఇచ్చేస్తున్నారట. కొత్తదానికీ పాతదానికీ చుట్టరికం లేదు, దాని పట్టీ దీనికి పట్టదు, దీనిది దానికి పట్టదు. ఎవడు చేశాడో గానీ ఈ పని, మా నాన్న బే, జీమ్ కలవాలంటే కలుస్తాయి, ఇన్ని చదువులు చదివినవాళ్లకు రెండు డిస్కులు కలిసే దారి ముందే ఆలోచించడం రాలేదా? లేక కావాలనే చేశారా, కొత్తది కొనిపించడానికి? కొత్త మెషీను కూడా తన దగ్గరే తీసుకోమన్నాడు, సరే అన్నాను, ఒక పట్టీ డిస్కుతో సిద్ధంగా లోపల పెట్టుకుని కూర్చున్నాడు. పాతదాంట్లోవి అందులోకి ఎక్కించిస్తా అన్నాడు. ఎక్కించేటప్పుడు తనకూ ఒకటి ఎక్కించుకోడని నమ్మకమేంటి?

నమ్మకపోవడానికి కారణం గోడ మీదే ఉంది. ఆ క్యాలెండరు. గులాబీల బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో, రఘుపతి వెడ్డింగ్ కార్డ్స్, హైదరాబాద్. ఈ రఘుపతి పోయిన నెల మా షాపుకొచ్చాడు. సెంటు వాసన, చేతిలో బ్యాగు, కూర్చోబెడితే చాయ్ తాగాడు, మా నాన్న అక్షరాలతో నేను అచ్చేసిన కార్డును వెలుగులో పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ రాత హైదరాబాదులో ఎవరి దగ్గరా లేదమ్మా, మాకివ్వండి, దేశమంతా పోతుంది, మీ నాన్నగారికి ఈ మంచం, ఈ గది, ఇవన్నీ మారతాయి" అన్నాడు. నేను "చూద్దాం" అన్నాను. అంతే అన్నాను. రూపాయి మాట కూడా రాలేదు మా మధ్య. ఆ రఘుపతి క్యాలెండరు ఈ అమరేందర్ గోడ మీద ఏం చేస్తున్నట్టు? ఆ మాటకొస్తే సైదులు హోటల్లోనూ ఉంది, డాక్టరు గారి దగ్గరా ఉంది, జనవరిలో సంచి నిండా తెచ్చి ఊరంతా పంచాడంటారు. ఊరంతా ఉంది కాబట్టి ఇక్కడ ఉండటం మామూలే అనుకోవాలా? లేక ఊరంతా వాడివాళ్లే అనుకోవాలా? అసలు నేను "చూద్దాం" అని ఎందుకన్నాను? ఇవ్వను అంటే సరిపోయేది. అమ్మాలని నాకు లేదు, అల్లా మీద ఒట్టు, ఒక్క క్షణం మాత్రం మా నాన్నకు పైన ఫ్యాను తిరిగే గది, కిటికీ ఉన్న గది కనపడింది, ఆ క్షణంలో నోట్లోంచి వచ్చిన మాట అది. ఆ మాట విన్నవాళ్లు ముగ్గురే, రఘుపతి, నేను, చాయ్ గ్లాసు.

పరదా కదిలింది. అమరేందర్ తల మాత్రం బయటకు పెట్టాడు.

"ఆపా, డిస్కు తిరుగుతాంది గని ఏం లేదంటున్నది. ఖాళీ సూపిస్తాంది. ఫార్మాట్ కొట్టమంటరా? వై కొడ్తె అయిపోతది."

"ఏయ్! చెయ్యి తియ్! తియ్ చెయ్యి దాని మీంచి!"

నా అరుపుకు పక్కనున్న టైలరు మిషను ఆగిపోయింది. పరదాను పట్టి లాగేశాను, రెండు కొక్కేలు ఊడిపోయాయి, ఊడనీ. తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, చివర్లో వై ఎన్ అని రెండు, వాటి పక్కన ఒక గీత మినుకు మినుకుమంటోంది, అతని వేలు మీట మీద తేలుతోంది. ఖాళీ! మా నాన్న చెయ్యి ఖాళీ అంట! రెండు చలికాలాలు ఖాళీ! "మార్చేసినవ్ కదా, ఎక్కడ పెట్టినవ్ నాది, చెప్పు" అన్నాను. కరెంటు ఆపించి డిస్కును నా చేత్తో పైకి ఎత్తి అడుగు చూశాను. చుక్క ఉంది. వీడు చుక్కను చూసి ఇంకోదాని మీద అలాంటిదే పెట్టాడేమో, దగ్గరగా చూశాను, ఎడమ పక్క జారి ఉంది, అచ్చం నేను పెట్టినట్టే, అంత చెత్తగా ఇంకెవరూ పెట్టలేరు. నాదే. డిస్కు నాదే, లోపల మాత్రం ఏమీ లేదు. మెషీను ముందున్న స్టూలు మీద కూలబడ్డాను.

"నేనెందుకు మారుస్త ఆపా, గింత మాటంటరా" అన్నాడు అమరేందర్. మొహం ఎర్రబడింది. "ఉండుండ్రి, మా ఉస్తాద్‌కు ఫోన్ కొడ్త. కోఠిల ఉంటడు. గాయన జెప్పంగ మీరే వినుండ్రి." విననియ్యకుండానే దూకి పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి పోయాడు. నేను మెషీను పక్క నుంచి లేవలేదు, లేస్తే ఎవడొచ్చి ఏ మీట నొక్కుతాడో, మీటల పలక మీద నా సంచి పెట్టి దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి బూత్ గాజు కనపడుతుంది, లోపల అతను అటు తిరిగి మాట్లాడుతున్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఉస్తాద్‌తో మాట్లాడేవాడు నోటికి చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుంటాడు? కోఠీ ఎక్కడ, రఘుపతి ఎక్కడ, రెండూ హైదరాబాదే కదా. "పని అయిపోయింది సార్, ఖాళీ అని చెప్పేసిన, ఏడుస్తాంది" అంటున్నాడేమో. ఇప్పుడు తలాడిస్తున్నాడు. ఇప్పుడు నెత్తి కొట్టుకున్నాడు. దొంగ నెత్తి కొట్టుకుంటాడా? కొట్టుకుంటాడు, గాజులోంచి నేను చూస్తున్నానని తెలిస్తే కొట్టుకుంటాడు. ఇంట్లో మంచం మీద ఆయన ఎడమ చెయ్యి ఒక్కటే లేపి బుగ్గ మీద ఈగను తోలుకుంటూ ఉంటాడు, నేనేమని చెప్పాలి పోయి, అబ్బాజాన్, మీ అలిఫ్ పోయింది, మీ జీమ్ పోయింది, మీరు సలాం పెట్టిన తెరలో ఇక ఏమీ లేదు అని చెప్పాలా? నేను చెప్పను. చచ్చినా చెప్పను. ఇంటికే పోను.

అమరేందర్ పరుగున వచ్చాడు, ఊపిరి ఆడటం లేదు. "ఆపా, మీరు మొత్తుకున్నదే మంచిగైంది. వై కొడ్తె మొత్తం పోయేదంట. ఉస్తాద్ నన్ను బండ బూతులు తిట్టిండు." బూతులు తినడానికేనేమో నోటికి చెయ్యి అడ్డం. తర్వాత అతను చెప్పిందంతా నాకు ఒక్కసారికి ఎక్కలేదు, రెండోసారి చెప్పించుకున్నాను. ఈ రెండు పట్టీల డిస్కుకు తన తెలివి తన దగ్గర ఉండదు. డిస్కు లోపలి పళ్లెం మీద గీతలు గీసిందీ, ఎక్కడ ఏముందో గుర్తులు పెట్టిందీ ఆ పచ్చ కార్డే. ఏ కార్డు గీతలు గీసిందో ఆ కార్డుతోనే చదవాలి. చూడటానికి అలాంటిదే ఉన్న ఇంకో కార్డు పెడితే దానికి ఆ గీతలు అర్థం కావు, ఖాళీ అంటుంది. అక్షరాలు ఎక్కడికీ పోలేదు. లోపలే ఉన్నాయి. "మల్ల మా కార్డేది?" అన్నాను.

అతను నేల చూపులు చూశాడు. "మీరు తెచ్చినప్పుడే ఆ జాగ ఖాళీగుండె ఆపా. పట్టీలు రెండూ ఊర్కెనే ఏలాడుతుండె. నా కాడున్న పాత కార్డు ఒకటి పెట్టిన, ఏదైనా నడుస్తది అనుకున్న."

"ఖాళీగుంటె అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్పాలె? చెప్తె నువ్వే తీసినవ్ అంటరు. మీరు స్క్రూలు లెక్కవెట్టుకునే మనిషి."

ఇది అబద్ధం. ముందు ఇదే అనుకున్నాను, ఇతనే తీసి దాచి ఇప్పుడు నా మీద నెడుతున్నాడు. నా ఇంట్లోంచి కార్డు ఎలా పోతుంది, మెషీను మూత ఎప్పుడూ తీసే ఉంటుంది నిజమే, వేడెక్కుతుందని పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి మూత తీసే నడిపేదాన్ని, ఎవరైనా చెయ్యి పెట్టి లాగొచ్చు, నిజమే, కానీ ఎవరొస్తారు మా ఇంటికి, తాళం తిరిగొచ్చి లాగి చూసే ఇంటికి? ఈ పొద్దున తెచ్చే ముందు ఏం చేశాను నేను, డిస్కు మీద చుక్క పెట్టాను, సిరా ఆరాలని వంటింట్లోకి పోయి చాయ్ పెట్టుకున్నాను, అబ్బాజాన్‌కు సాసర్‌లో పోసి తాగించాను. ఇవాళ ఆయన చాయ్ సరిగా తాగలేదు. మొహం గోడకు తిప్పుకున్నాడు. "ఎక్కడికి తీస్కపోతున్నవ్" అన్నాడు, ఆ సగం నోటితో, రిపేరుకు అన్నాను, ఎవరి దగ్గరికి అన్నాడు, మీకెందుకు అబ్బాజాన్ ఆ ఫికర్ అన్నాను. దిండు సర్దబోతే వద్దన్నాడు. ఎడమ చెయ్యి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు, ఎప్పుడూ ఎడమ చెయ్యి ఛాతీ మీద ఉంటుంది ఆయనకు. నేను మెషీను మీద బొంత కప్పుతుంటే లోపలి గది పరదా సందులోంచి చూస్తున్నాడు. దిండు పక్కన పచ్చగా ఏదో అంచు. తస్బీ పూసల డబ్బా మూత అనుకున్నాను. యా అల్లా. తస్బీ డబ్బా మూత తెల్లగా ఉంటుంది కదా.

నవ్వొచ్చింది నాకు. ఏడుపు మధ్యలో నవ్వు. మా నాన్న! కదల్లేని మనిషి, గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ, నేను చాయ్ కాచేలోపు ముందరి గదిలోకి పోయి, ఒంటి చేత్తో కార్డు లాగి తెచ్చుకుని దిండు కింద పెట్టుకున్నాడు! ఈ రిపేరు పిలగాడు అక్షరాలు కాజేస్తాడని! నా కంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు అనుమానంలో. గర్వంగా కూడా అనిపించింది, చుక్క పెట్టి మురిసిపోయిన నేను ఎక్కడ, కార్డే తీసేసిన ఆయన ఎక్కడ. "పో, మా ఇంటికి పోయి అబ్బాజాన్‌ను అడిగి తీస్కరా, దిండు కింద ఉంటది" అన్నాను, ఇంటి తాళంచెవి అమరేందర్ చేతిలో పెట్టి. నేనే పోవచ్చు, కానీ డిస్కును ఇతని దగ్గర వదిలి పోవాలి కదా. అతను మారు మాట్లాడకుండా తన లూనా ఎక్కి పోయాడు. పోయాక చూసుకున్నాను. షాపు మొత్తం నా చేతిలో ఉంది. గల్లా సొరుగు సగం తెరిచే ఉంది, లోపల నోట్లు కనపడుతున్నాయి, బల్ల మీద చేతి గడియారం విప్పి పెట్టిన చోటే ఉంది. మూయలేదు, తీసుకుపోలేదు, నా వైపు ఒకసారి చూసి కూడా పోలేదు. నేను ఈ మనిషిని పొద్దున్నుంచి దొంగ అంటున్నాను. సిగ్గేసింది, ఒళ్లంతా సిగ్గేసింది. ఊడిన పరదా కొక్కేలు ఏరి మళ్లీ తగిలించాను.

అతను ఒక్కడే రాలేదు. ముందు రిక్షా, దాని వెనక లూనా. రిక్షాలో మా నాన్న, దుప్పటి కప్పుకుని, టోపీ పెట్టుకుని, కుడి చెయ్యి ఒళ్లో పడేసుకుని, ఎడమ చెయ్యి దుప్పటి లోపల. ఎంత కాలమైంది ఆయన గడప దాటి! "ఎంత మొత్తుకున్నా ఇస్తలేడు ఆపా, నేనే వస్త అంటుండు" అన్నాడు అమరేందర్, ఆయన్ని పొదివి పట్టుకుని దించి లోపలికి తెస్తూ. నేను ఎదురెళ్లి చెయ్యి చాపాను. "ఇయ్యండి అబ్బాజాన్. మంచి పని చేసిండ్రు." ఆయన దుప్పటిలోంచి కార్డు బయటకు తీశాడు. పాత ఉర్దూ పేపరులో చుట్టి ఉంది. తీసి, నా చెయ్యి దాటించి, అమరేందర్ చేతికి ఇచ్చాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం కావడం ఇష్టం లేకపోయిందేమో. "అబ్బాజాన్, ఈయనెవరో తెల్వక దాచిండ్రు, ఈయనకే ఇస్తున్నరా?" అన్నాను. ఆయన నన్ను చూశాడు. ఒక కన్ను సగం మూసుకుని ఉంటుంది, రెండోది మాత్రం పాత కాతిబ్ కన్నే.

"ఈ పిల్లగాని నుంచి దాయలే" అన్నాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది, కానీ ప్రతి అక్షరం వినపడింది. "ఆ సెంటు కొట్టుకున్నోనికి చూద్దాం అన్నవ్ కద. నేను పడుకుంట గని చెవులు పడుకోవు. మిషన్ బయటికి పోతాందంటె వాని దగ్గరికే అనుకున్న. కలం పరాయోనికి పోతే మొన కోసి ఇయ్యాలె. కోసిన."

చాయ్ గ్లాసు, రఘుపతి, నేను. లోపలి గదికి ఉన్న పరదాను లెక్కలోకి తీసుకోలేదు. ఈ పొద్దంతా ఈ పరదా మీద పడి ఏడ్చాను, నా ఇంట్లోనే ఒక పరదా ఉందనీ, దాని వెనక మనిషి ఉన్నాడనీ మరిచిపోయాను. నేను అమ్మలేదు అబ్బాజాన్ అందామని నోరు తెరిచాను. అమ్మలేదు, నిజమే. ఇవ్వను అని కూడా అనలేదు, అదీ నిజమే. ఆయనకు కిటికీ ఉన్న గది కోసం అనుకున్నానని చెబితే ఇంకా పాడవుతుంది. చెప్పలేదు. మా నాన్న నన్ను దొంగ అనుకున్నాడు, ఇన్ని రోజులు అనుకుంటూనే నా చేత్తో పోసిన చాయ్ తాగాడు. ఆ కోపం, ఆ బాధ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

అమరేందర్ తలెత్తకుండా పని చేసుకుంటున్నాడు. కొత్త మెషీనులోంచి తన పాత కార్డు తీసేసి ఆ జాగాలో మా కార్డును గుచ్చాడు, వెడల్పు పట్టీ, సన్న పట్టీ రెండూ తెచ్చి దానికి పెట్టాడు, కరెంటు వేశాడు. డిస్కు మూలిగింది, తిరిగింది, టిక్కు టిక్కుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. తెర మీద పేర్లు వరసగా దిగాయి, అతను ఏదో ఒకటి తెరిచాడు, జీమ్ వచ్చింది. కడుపు సరిగ్గా ఉన్న జీమ్. నేను ఏడ్చేశాను, అందరి ముందు, బురఖా అంచుతో మూతి మూసుకుని. ఆయన ఏడవలేదు. తెరకు మొహం ఆనించి కొలిచాడు, పెదాలు కదులుతున్నాయి, చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఒక పట్టీ దాంట్లకు ఎక్కియ్యాల్నా చాచా?" అన్నాడు అమరేందర్, ఆయన్ని అడిగాడు, నన్ను కాదు. "ఎక్కిస్తె మల్ల గీ కార్డుతోని పని లేదు. అవుననుకుంటె వై, వద్దనుకుంటె ఎన్."

అంటే ఆయన దాచుకున్న మొనకు ఇక విలువ ఉండదు, ఎవరు కావాలంటే వాళ్లు చదువుకోవచ్చు. ఆ మాట ఆయనకు చెప్పకుండా వై నొక్కేయొచ్చు నేను. నొక్కలేదు. వంగి ఆయన చెవి దగ్గర అంతా చెప్పాను, ఉన్నది ఉన్నట్టు, మొన పోతుందని కూడా చెప్పాను, ఈ డిస్కు పాతదైంది, ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు, ఆగిపోతే ఏమీ మిగలదని కూడా చెప్పాను. "ఇవి ఇంట్లనే ఉంటయి అబ్బాజాన్. ఎవరికీ ఇయ్యను." ఈసారి చూద్దాం అనలేదు. ఆయన ఎడమ చేతి వేలు పట్టుకుని వై మీట మీద పెట్టాను. ఆయన వేలు వెనక్కి లాక్కున్నాడు. తల తిప్పి అమరేందర్‌ను చూశాడు.

"బేటా, ఈ పిల్ల జెప్పేది నిజమేనా?"

అమరేందర్ నన్ను చూశాడు. పొద్దున్నుంచి నేను అన్న మాటలన్నింటికీ ఒక్క మాటతో బదులు తీర్చుకోవచ్చు అతను.

"నిజమే చాచా. ఆపా అబద్ధం చెప్పదు."

అప్పుడు నొక్కాడు మా నాన్న. డిస్కు గట్టిగా గరగరలాడటం మొదలుపెట్టింది. చాలాసేపు పడుతుందన్నాడు అమరేందర్, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి తెర కనపడేలా జరిపాడు. నేను బయటకు వచ్చి పరదా వేసి బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏం చేస్తున్నారో నాకు కనపడటం లేదు. లేచి చూడలేదు.